త్రాటి ఎన్నిక

నీటిపై సాగు పడవను గూర్చి మనవారు వ్రాసినంతగా గట్టునకెక్కు పడవను గూర్చి వ్రాసినవారు కానరారు. తెరచాపకు, తెడ్డుకు, చుక్కానికి సాహిత్యమున చోటు దొరకినది. ఏటి యొడ్డున మోకాలిబంటి బురదలో నిలిచి పదిమంది కూడి పడవను మెరకకు లాగు శ్రమకును, ఆ శ్రమనంతయు తనయందు నిలుపుకొను త్రాటికిని దొరకలేదు. గౌతమీ తీరమున ఐనవిల్లి, ముక్తేశ్వరము, వాని చుట్టుపట్ల లంకలలో పుట్టి పెరిగినవారికి ఈ లోపము వింతగా తోచును. ధవళేశ్వరమువద్ద మొదటి ప్రమాద హెచ్చరిక యిచ్చిరన్న వార్త చెవిన బడినంతనే పశువులను మెరకకు తోలుట యెంత త్వరపడవలసిన పనియో, పడవను పదిలపరచుటయు నంత త్వరపడవలసిన పని. ఏలయన మరునాడు మందు తెచ్చుటకు, మంచినీరు తెచ్చుటకు, పురిటినొప్పులు పడుచున్న ఇల్లాలిని ఆసుపత్రికి చేర్చుటకు ఆ పడవయే దిక్కగును. 1953 నాటి వరదను కన్నవారు ఇప్పటికిని అక్కడక్కడ నున్నారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమునుండి 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రమునకు పరుగిడినప్పుడును, 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడును లంకలలో బ్రదుకు పడవమీదనే సాగినది. ఆ పడవలలో గట్టునకు కట్టిన త్రాడు నిలిచినవి మిగిలినవి, త్రాడు తెగినవి ఏటి పాలైనవి.

మా మేనల్లుడొకడు, లంకలో దింపిన కొబ్బరికాయలను రేవునకు చేర్చుటకై ఈ నడుమ నొక ఫైబరు పడవను కొని, వరదకు ముందు దానిని ఇంటి పెరటికి తెచ్చుకొనుటకు వీలుగా ట్రాక్టరు వెనుక తగిలించు ట్రాలీ నొకటి చేయించెను. ట్రాలీ ముందు భాగమున నిలువు కమ్మి, ఆ కమ్మికి చేతితో త్రిప్పు వించి, వించికి పండ్ల చక్రము, ఆ చక్రము వెనుకకు తిరుగకుండ పట్టి నిలుపు చిన్న ఇనుప నాలుక, ఇవన్నియు చక్కగా అమరినవి. డ్రమ్ము మాత్రము వట్టిదిగా నుండెను. "మావయ్యా, దీనికి ఇనప తాడు చుట్టమంటారా, బెల్టు చుట్టమంటారా? మన పీచు మోకైతే చాలదంటారా?" అని అతడు నన్నడిగెను.

ఏది యెక్కువ బరువు మోయునో దానిని వేయుమనుట సులభమైన సమాధానము. అంగడివాడును అదియే చెప్పును. కాని ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొని ఆలోచించిన కొలది, త్రాటిని దాని బలమును బట్టి యెన్నుకొనుట సగము ఎన్నిక యనియు, తక్కిన సగము దాని దౌర్బల్యమును బట్టి యెన్నుకొనుట యనియు నాకు దృఢముగా తోచినది. ప్రతి త్రాడును ఏనాడో యొకనాడు తెగవలసినదే. తెగుటకు ముందు అది యేదైన సూచన యిచ్చునా, ఆ సూచన వించి త్రిప్పువాని కంటికో, చెవికో, చేతికో అందునా, తెగిన పిదప దాని కొన యెటు పోవును అను విషయములను విచారింపక, ఎన్ని టన్నులు మోయునన్న దానిని మాత్రమే విచారించినవానికి త్రాటిని గూర్చి తెలిసినది స్వల్పము.

కోనసీమవారికి త్రాడనగానే మొదట స్ఫురించునది పీచుత్రాడు. అంబాజీపేట, అమలాపురము దారుల వెంబడి కొబ్బరి డొక్కల రాసులు చూడనివారు లేరు. డొక్కనుండి తీసిన పీచును పురిపెట్టి పాయగాను, పాయలను అందుకెదురు పురిపెట్టి పేటగాను, పేటలను మరల ఎదురు పురిపెట్టి మోకుగాను పేనుదురు. ఈ ఎదురు పురియందే త్రాటి రహస్యమంతయు నున్నది: పాయ విడిపోవుటకు చేయు ప్రయత్నమే పేట బిగియుటకు కారణమగును, పేట విడిపోవ యత్నించుటయే మోకు బిగియుటకు కారణమగును. అన్ని నారలలోను ఉప్పునీటికి ఎక్కువగా నిలుచునది పీచు. తేలికయగుటచే నీటిపై తేలును. బలమున మాత్రము మనీలా నారత్రాటిలో ఇంచుమించు నాలుగవ వంతు. ఇంత దుర్బలమైనదైనను, తెరచాప ఓడల కాలమున ఒక ఓడ మరియొక ఓడను లాగవలసివచ్చినప్పుడు నావికులు కోరి కోరి పీచు మోకును కట్టెడివారు. ఏలయన అది తన నిడివిలో నాలుగవ వంతుకు పైగా సాగి, అల విసరిన ప్రతి విసరును తనలో జీర్ణించుకొని, ఓడను కుదుపునుండి కాపాడెడిది.

ముక్తేశ్వరము రేవునుండి కోటిపల్లికి నేటికిని పంటు నడచును. రెండు పడవలను పక్కపక్కన చేర్చి, పైన బల్లలు పరచి, మోటారు సైకిళ్లను, ఆటోలను, కార్లను సైతము మనుష్యులతోపాటు అవతలి యొడ్డునకు చేర్చు ఈ వాహనమును రేవున నిలుపునది త్రాడే. ఆ రేవున ఎండిన చింతపండు రంగున నున్న పాత మోకునొకదానిని ఒడిలో పెట్టుకొని, వేళ్లతో దాని పురిని విప్పి లోపలి పేటలను పరీక్షించుచున్న వృద్ధ సరంగును త్రాడు తెగు తీరును గూర్చి అడిగితిని. అతడు తల యెత్తకయే చెప్పెను: "పీచు మోకు తెగేముందు మాట్టాడుద్దండి. కిర్రుమంటాది, దుమ్ము లేత్తాది, ఒక్కో పేటా ఇడిపోద్ది. మనిషి పక్కకి తప్పుకునేంత టైమిత్తాదండి. ఇనప తాడు అలాక్కాదండి. దానికి నోరుండదు." ఆ మాట లనుచు అతడు మోకు నడుమ నొకచోట ఆగి, పైకి గట్టిగా కనబడుచున్న పేట లోపలివైపు నలుపెక్కి పొడియగుచున్న పీచును గోటితో గీరి నాకు చూపెను. పైనుండి చూచిన నాకు ఆ మోకు ఇంకను కొన్నేండ్లు పనికివచ్చునట్లే తోచియుండెను. అతడు దానిని రేవుపనికి ఇక పనికిరాదని పక్కన పడవేసెను.

ఇనుపత్రాటికి నోరు లేదనుట యథార్థమే. కాని అది పుట్టినది మాత్రము ముందుగా హెచ్చరించుటకే. జర్మనీ దేశమున హార్జ్ పర్వతములలోని వెండి గనులయందు ఖనిజమును పైకి లాగుటకు జనుపనార త్రాళ్లను, ఇనుప గొలుసులను వాడెడివారు. గొలుసులో ఒక్క లంకె విరిగినచో బరువంతయు పాతాళమునకు పోవును, విరుగబోవు లంకె విరుగని లంకెనుండి వేరుగా కనబడదు. విల్హెల్మ్ ఆల్బర్ట్ అను గని అధికారి 1834లో క్లౌస్తాల్‌వద్ద ఇనుప తీగలను పేని, పేటకు నాలుగు తీగల చొప్పున మూడు పేటల త్రాటిని చేయించెను. అందు ఒక తీగ తెగినను తక్కిన పదునొకండు తీగలు ఆ బరువును పంచుకొనును, తెగిన తీగ బయటికి పొడుచుకొని వచ్చి చూచువారికి కనబడును. విపత్తును ఒక్క క్షణమున రానీయక, అంచెలంచెలుగా రప్పించుటయే ఆల్బర్ట్ సాధించిన ఘనత. నేడు వించీలకు, క్రేనులకు వాడు త్రాళ్లలో సాధారణముగా ఆరు పేటలు, పేటకు 19 తీగలు ఉండును. అన్నిటికి నడుమ, కంటికి కనబడని చోట, పెక్కు ఇనుపత్రాళ్లలో ఇప్పటికిని ఒక నార వత్తి యుండును. పేటలకు మెత్తని ఆసరాగా నుండి, తనలో పీల్చుకొనిన నూనెను లోపలినుండి తీగలకు కొంచెము కొంచెముగా అందించునది ఆ నారయే. ఉక్కు త్రాటికి హృదయస్థానమున నారను నిలిపినవారి వివేకమును తలచుకొనినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును.

అయినను ఏటియొడ్డున ఈ త్రాటి స్థితి వేరు. ట్రాలీని నీటిలోనికి దింపిన ప్రతి పర్యాయము త్రాడు మునుగును, నూనె కడుగుకొనిపోవును, ఒండ్రులోని సన్నని యిసుక పేటల నడుమ చేరి తీగలను అరగదీయును, వేసవిలో ఏరు సన్నగిల్లి ఉప్పునీరు పైకి ఎగదన్ను రేవులలో త్రుప్పు త్వరగా పట్టును. ఆ త్రుప్పు లోపలినుండి మొదలగును గనుక పైపొర బాగుగానే యుండును. ఒక్కసారి మెలికపడి లాగబడినచో ఆ మెలిక పడినచోట దాని బలము తిరిగి రాదు. తెగిన తీగలు ముండ్లయి అరచేతిలో దిగును. చేతితొడుగులు లేక ఇనుపత్రాటిని డ్రమ్మునకు చుట్టినవారెవరును ఆ బాధను మరువరు. గని అధికారి కంటికి, పగటి వెలుగున, తీరికగా పరీక్షించువానికి తన సంగతి చెప్పుకొనుటకు పుట్టిన త్రాడు, చీకటిలో వానలో బురదలో తొందరపడుచున్న పడుచువానికి ఏమియు చెప్పజాలదు.

త్రాటి ఎన్నికయందు బరువును గూర్చిన భ్రాంతి యొకటి కలదు. పడవ తూకమే త్రాటిపై బరువని చాలమంది తలంతురు. అది సరికాదని చూపిన ఘటన యొకటి కలదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలములోని కచ్చులూరువద్ద, పాపికొండలకు పోవుచున్న రాయల్ వశిష్ఠ అను పర్యాటక పడవ 70 మందికి పైగా జనముతో గోదావరిలో మునిగినది. కచ్చులూరు గ్రామస్థులు తమ నాటు పడవలతో పరుగెత్తుటచే 26 మంది ప్రాణములతో బయటపడిరి. తమవారి దేహములైనను దక్కునని ఒడ్డున కన్నీటితో కాచుకొనియున్న కుటుంబములకొరకు ఆ పడవను వెలికి తీయుటకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము పూనుకొనెను. లంగరులు, ఇనుపత్రాళ్లు, ఒడ్డున నిలిపిన భారీ యంత్రములు, వీనితో చేసిన తొలి యత్నములు ఫలింపలేదు. వరద మరల పెరిగి పని నిలిచిపోయినది. త్రాడు తెగినది, జారినది. బిగిసి పట్టినప్పుడు పడవ కదలక పైకప్పు తునకలు, కమ్ములు ఊడివచ్చినవి. పడవలో నిండిన ఒండ్రు, పడవను క్రిందినుండి పట్టియుంచిన ఒండ్రు, పైనుండి తోయు ప్రవాహము, ఈ మూడింటి ఎదుట పడవ తూకము లెక్కకు రాదు. విశాఖపట్టణమునుండి వచ్చిన గజ యీతగాండ్రు మునిగి, పడవ గట్టి అవయవములను వెదకి, అక్కడ త్రాడు కట్టిన పిదపనే అక్టోబరు 22న అది ఒడ్డునకు వచ్చినది. అట్టి ఇనుపత్రాడే, అట్టి యంత్రమే; కట్టిన చోటు మారుటచే ఫలము మారినది. నది అడుగున కంటికేమియు కానరాని ఆ మురికి నీటిలో చేతులతో తడవి త్రాడు కట్టవలసిన చోటును కనుగొనినవారి పని ఎంత పెద్దదో, ఒడ్డున పడవలు లాగువారమైన మనము ఎరిగియుండుట న్యాయము.

మన పురాణకర్తలకును ఈ విషయములు తెలియనివి కావు. ప్రళయజలములలో సత్యవ్రతుడు తన నావను మత్స్యమూర్తి కొమ్మునకు కట్టినది వాసుకితోనే. క్షీరసాగరమును మథించుటకు మందరగిరికి చుట్టినదియు వాసుకినే. రెండవ కథలో ఒక విశేషము కలదు. తలవైపు పట్టుకొనుట గౌరవమని పట్టుపట్టిన అసురులు ఆ త్రాటి ముఖమునుండి వెడలిన విషజ్వాలలకు కమలిపోయిరి. బిగిసిన త్రాటికి ఏ కొన నిలువవలెను, ఏ ప్రక్క నిలువరాదు అను ప్రశ్న అంత ప్రాచీనమైనది. నైలాను త్రాటి విషయమున ఈ ప్రశ్న ప్రాణములతో ముడిపడినది. 1935లో అమెరికాలో కరోథర్స్ కనిపెట్టిన ఈ నూలు పీచు మోకు వలెనే సాగును గాని పీచునకు అనేక రెట్లు బలమైనది. అంత బలముతో సాగిన త్రాడు తెగినప్పుడు, సాగుటలో దాచుకొన్న శక్తినంతయు ఒక్క పెట్టున వెనుకకు విసరును, కొనకున్న ఇనుప కొక్కెమును సైతము వెంట తెచ్చును. ఓడరేవులలో ఇట్టి త్రాటి దెబ్బకు కాళ్లు, ప్రాణములు పోయినవారు కలరు. మన అంగళ్లలో చవుకగా దొరకు రంగురంగుల ప్లాస్టిక్ త్రాడు నీటిపై తేలును, ముడికి జారును, ఎండకు పెళుసెక్కును. కొబ్బరిగెల దింపుటకు సరే, పడవకు వలదు. నెదర్లాండ్సులో పుట్టిన డైనీమా అను నూలు ఉక్కుకు మించిన బలముతో నీటిపై తేలును, పెద్దగా సాగదు గనుక తెగినను నైలానంతగా విసరదు. కాని ఒరపిడి వేడికి త్వరగా లొంగును, వెల కూడ మా మేనల్లుని వంటివారికి అందునది కాదు.

ఇక మిగిలినది బెల్టు. లారీలపై బరువులు బిగించువారు వాడు రెండు అంగుళముల వెడల్పుగల పాలియెస్టరు పట్టీ. నైలాను తడిసినప్పుడు తన బలములో పదవవంతుకు పైగా కోల్పోవును. పాలియెస్టరు అట్లు కోల్పోదు, ఎండకును తక్కిన నూళ్లకంటె కొంత ఎక్కువ ఓర్చుకొనును, నైలానంతగా సాగదు. అంగడిలో ఈ రెంటిని ఒకే పేరుతో అమ్ముదురు గనుక అడిగి, పట్టీపై కుట్టిన చీటీని చదివి తీసికొనవలెను. బెల్టుయొక్క ముఖ్యగుణము వేరొకటి కలదు: దానికి లోపలిభాగమనునది లేదు. ఉన్న నూలంతయు పైననే యున్నది. అంచు కోసుకొనిపోయిన కనబడును, కుట్టు విడిన కనబడును, ఎండకు రంగు వెలసి గరుకెక్కిన చేతికి తెలియును, నూగు లేచినను తెలియును. ఇనుపత్రాడు తన రోగమును గుండెలో దాచుకొనును, బెల్టు దాచుకొనలేదు. బలమున రెండును చాలునవే యైనప్పుడు, తన దౌర్బల్యమును దాచుకొనలేని దానినే కోరుట మేలని నా నిశ్చయము.

బలము చాలునో చాలదో లెక్క చూచితిమి. ఇంజనుతో కూడ పడవ బరువు 500 కిలోలనుకొనుము. నాలుగడుగుల నడకకు అడుగు ఎత్తు లేచు గట్టుపై, అడుగున చక్కగా తిరుగు రబ్బరు రోలర్లున్నచో, త్రాటిపై పడు లాగుడు 150 కిలోలకు అటునిటు. రోలర్లు లేక అడుగుభాగము గీచుకొనుచు వచ్చినచో 350 దాటవచ్చును. ఒండ్రులో నాటుకొనిన పడవను కదల్చునప్పుడు పడవ తూకమునకు సమానమైన లాగుడు కూడ అవసరపడవచ్చును. అట్టి లాగుడునకు ఐదురెట్ల తెగుబరువు ఉండవలెనను నియమము పాటించినచో, మూడు టన్నులకు తెగు బెల్టు చాలును. బెల్టునకొక దోషము కలదు, దానిని దాచరాదు: అది డ్రమ్ముపై ఒకే చోట పొరపై పొరగా చుట్టుకొనును, పొరలు పెరిగిన కొలది వించి లాగు బలము తగ్గును. అందుచేత పొడవు 20 అడుగులకు మించనీయక, ట్రాలీనే నీటికి చేరువగా దింపుట మంచిది. గట్టునుండి నీటికి చాల దూరమున్న రేవులలో, రాళ్ల అంచులపై త్రాడు ఒరయకతప్పని చోట్ల, ఇనుపత్రాడే శరణ్యము. అట్టివారు చేతితొడుగు, నూనె, ఏటేట మార్చుటకు సొమ్ము సిద్ధముగా నుంచుకొనవలెను.

విఘ్నేశ్వరుని కరములలో పాశమును అంకుశమును ఎల్లప్పుడు జంటగా ధ్యానింతురు. ఐనవిల్లి సిద్ధివినాయకుని గర్భగుడి ఎదుట నిలిచి ఆ ధ్యానము మనస్సున మెదలినప్పుడు, త్రాడును కొక్కెమును వేరు చేయరాదన్న లౌకికార్థము కూడ నాకు గోచరించినది. ఎన్నిక చేసి తెచ్చిన త్రాడు పెక్కుమార్లు నడుమ తెగదు, కొసయందు తెగును. ముడి వేసినచో త్రాటి బలము సగమునకు పడిపోవును. బెల్టు కొనను మడిచి యంత్రముపై కుట్టించినదే కొనవలెను గాని ముడివేయరాదు. ఇనుపత్రాటి కొనను మడిచినప్పుడు లోపల నీటిబొట్టు ఆకారపు ఇనుప తొడుగు నుంచి, మూడు క్లిప్పులు బిగింపవలెను. వాని వంకర కమ్మి మిగులు తోకపై పడవలెను, చదునైన పీట బరువు మోయు పాయపై పడవలెను. ఇది తారుమారుగా బిగించినచో మోయవలసిన పాయయే నలిగి తెగును, మన వెల్డింగు షాపులలో ఇది తరచు తారుమారుగానే కనబడును. కొక్కెమునకు నోరు మూయు నాలుక ఉండవలెను. పడవ ట్రాలీ ఎక్కిన వెంటనే ముక్కున నొక గొలుసు, వెనుక రెండు బిగింపు పట్టీలు కట్టవలెను. దారిలో పడవను పట్టుట వించి పని కాదు. లాగునంతసేపు త్రాటి వరుసలో ఎవరును నిలువరాదు, పిల్లలు చూడ వచ్చినచో గట్టుమీదికి పంపివేయవలెను.

మా వాడు బెల్టే చుట్టించెను. పని ముగిసిన ప్రతిసారి దానిని మంచినీట కడిగి, ఇసుక పోగొట్టి, నీడన ఆరవేయుమని చెప్పితిని. ఆషాఢము రాకముందే నిడివి అంతయు పరచి రెండు అంచులను వ్రేళ్ల నడుమ పట్టి తడవి చూడుమని, ఎక్కడ కోత కనబడినను కొత్తది కొనుమని చెప్పితిని. "పాతది పారేస్తే సరిపోద్దిగా మావయ్యా" అన్నాడు. సరిపోదు. మన పల్లెలలో పారవేసిన త్రాడు పారవేసినచోట నుండదు. ఎవరో యొకరు తెచ్చి గేదెను కట్టుదురు, గడ్డిమోపు బిగింతురు, ఆశ్వయుజమున అట్లతద్ది వచ్చునప్పటికి మామిడికొమ్మకు ఉయ్యాల వేయుదురు. దానిపై తెల్లవారుజామున ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఊగుదురు. కావున కత్తి తెచ్చి మూరెడు మూరెడు ముక్కలుగా కోసిన పిమ్మటనే దానిని పెంటలో వేయుమని అతనిచేత మాట తీసికొంటిని.